ముల్లు కదలని గొంతు

ఆ ఇనుప సామాను కొట్టులో మేకులు తూచేటప్పుడు ఎవరూ మాట్లాడరు. మాట్లాడితే ఆ మాట కూడా మేకుల పళ్లెంలోనే పడుతుంది. తక్కెడ ముల్లు అటు ఒరుగుతుంది, ఆ మేరకు మేకులు తగ్గిపోతాయి. అందుకే వాగుడుకాయ వడ్రంగి కూడా తన వంతు వచ్చేసరికి నోటికి తాళం వేసుకునేవాడు.

కొట్టు అన్నయ్యది. తూచే పని చిట్టిది. ఇరవై మూడేళ్ల పిల్ల, కళ్లు మూసుకుని తీసినా అరకిలోకి ఒక్క మేకు తేడా రానిచ్చేది కాదు. అలాంటిది ఎండలు ముదిరేసరికి తూకాలు తప్పుతున్నాయి. వెనక మరమేకుల డబ్బాల దగ్గర ఎవరో మగమనిషి మాట్లాడుతున్నాడు. "మీ వదిన నీళ్లలో ఏదో కలిపింది. తాగకు."

డబ్బాలన్నీ దించి చూసింది. ఎవరూ లేరు. అంతలో వడ్రంగి దగ్గాడు. ఎవరికి సైగ? రేడియోలో వార్తలు చదివే ఆవిడ తన గురించే చెప్పబోయి ఎందుకు ఆగింది?

చిట్టి తల దువ్వుకోవడం మానేసింది. వదిన వడ్డించింది ముట్టడం మానేసింది.

"అంతా నీ భ్రమే! అక్కడెవరూ లేరు," అన్నాడు అన్నయ్య, నూరోసారి.

"మరి నాకెలా వినపడుతోంది? చెవుడు మీకా, నాకా?"

వదిన మొగుణ్ణి కళ్లతోనే ఆపింది. "ఏమంటున్నాడమ్మా?"

ఏమని చెబుతుంది? నువ్వు విషం పెడుతున్నావంటున్నాడనా? వదిన ముఖం ఎప్పటిలాగే ఉంది. అదే అర్థం కావట్లేదు.

మర్నాడు పొద్దున, పళ్లేలు ఖాళీగా ఉండగా, అతను చెవులు చిల్లులు పడేలా అరిచాడు. "వస్తోంది! చేతిలో గ్లాసు చూడు!"

చిట్టి చూపు ముల్లు మీద పడింది. వెంట్రుకవాసి కదల్లేదు.

"మంచినీళ్లు తెచ్చానే," అంది వదిన గుమ్మంలోంచి. ముల్లు ఒరిగింది.

అంత పెద్ద గొంతుకి బరువు లేదేంటి? తక్కెడ పాడైందా, తన తలా?

"వదినా, అతను అరిస్తే ముల్లు కదలట్లేదు."

"నీకు మాత్రం వినపడుతోంది కదా?"

"ఇప్పుడూ వినపడుతోంది. భయమేస్తోంది వదినా."

రెండు కిలోల రాయి వేసినట్టు పళ్లెం ఠంగున బల్లకు తగిలింది. వదిన ఆ పళ్లెం కేసి చూసి, కొట్టు మూసెయ్యమని మొగుణ్ణి కేకేసింది.

మధ్యాహ్నానికి ముగ్గురూ మానసిక వైద్యురాలి ముందున్నారు. "నువ్వు అబద్ధం ఆడట్లేదు," అందావిడ చిట్టితో. "నీ మెదడే ఆ గొంతు పుట్టిస్తోంది. ఇది జబ్బు, మందుంది. అతను ఇవాళే పోడు, కొన్ని వారాలు పట్టొచ్చు."

మాత్ర అరచేతిలో పెట్టారు. వదిన గ్లాసందించింది. తాగితే చస్తావన్నాడతను. చిట్టి గదంతా వెతికింది. ఇక్కడ తక్కెడ లేదు. ఎవర్ని నమ్మాలి?

"సగం నువ్వు తాగు వదినా."

వదిన ఏమీ అనుకోలేదు. గటగటా సగం తాగి ఇచ్చింది. అతను అరుస్తూనే ఉన్నాడు. చిట్టి మాత్ర నోట్లో వేసుకుని మిగతా సగం తాగేసింది.