ఆమె పెదవులు కదిలాయి

టీచరు ఉద్యోగానికి చెప్పాల్సిన డెమో క్లాసుకు బడివాళ్లిచ్చిన ఇంగ్లీషు పద్యంలో రెండు పాదాలు నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. ఎప్పటిదో పాతకాలపు పద్యం. ఓడ మీద వెళ్లిన మొగుడు ఏళ్ల తర్వాత ఇంటికొస్తాడు. పెళ్లాం మంచంలో పడుకుని ఉంటుంది. ఆమె పెదవులు కదులుతాయి, శబ్దం రాదు. అతడు భోరున ఏడుస్తాడు. ఎందుకేడ్చాడో నాకు అంతుపట్టలేదు. ఆమె మాట్లాడింది కదా!

మా ఇంట్లో మాట్లాడుకోవడమంటే అదే. బాపు నేను పుట్టకముందు నుంచీ సూరత్‌లో సాంచాలు నడుపుతున్నాడు. ఆ మగ్గాల మోతలో అరిచినా వినబడదు కాబట్టి కార్ఖానాలో అందరూ ఒకరి పెదవులొకరు చూసే మాట్లాడుకుంటారు. ఆయన చెవులు ఎప్పుడో మొద్దుబారాయి. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఊరికే పెదవులాడిస్తే, బాపు గడపలోంచే "ఉప్పు జర తక్కువైతే ఏమాయె, తియ్యి" అని జవాబిస్తాడు.

అందుకని నాకు నేనే ఒక అర్థం చెప్పుకున్నాను. ఆమె ఏదో చల్లని మాట అని ఉంటుంది, అతడు సంతోషం పట్టలేక ఏడ్చాడు. ఎవరినైనా అడగొచ్చు. ఎం.ఏ. చదివినదాన్ని, ఒకరిని అడుగుతానా? నాకంత పొగరు.

"గీ ఒక్కపారి చూస్త హారతీ," అని అమ్మ ముందే తేల్చి చెప్పింది. "గీ నౌకరి రాకుంటే సోమారం సంది సలాబత్‌పురా దుకాన్ల చీరలు మడతవెట్టే పనికి పోవుడే."

బాపు డ్యూటీ మానుకుని మరీ మేముండే కోసాడ్ నుంచి నాతో బడిదాకా వచ్చాడు. గేటు దగ్గర తల నిమిరి, "భయపడకు బిడ్డా" అన్నాడు.

తొమ్మిదో తరగతి. వెనక బెంచీలో ప్రిన్సిపాల్ మేడమ్. పాఠం మొదలుపెట్టి ఆ రెండు పాదాల దగ్గరికొచ్చాను. మొగుడి సంతోషం గురించి చేతులు తిప్పుతూ చెప్పేశాను. ఒక పిల్ల లేచి నిలబడింది.

"మిస్, ఆమె చనిపోతోంది కదా? ఏమందో తెలియకే కదా అతను ఏడ్చాడు?"

"పెదవులు చూస్తే తెలుస్తుంది కదమ్మా," అన్నాను.

క్లాసంతా గొల్లున నవ్వింది. కావాలంటే చూడండి అన్నట్టు ఆ పిల్ల వైపు తిరిగి, గొంతు రానీయకుండా పెదవులతోనే "బైఠ్ జావో", కూర్చో, అన్నాను. మా వాడలో చంటి పిల్లలకు కూడా అర్థమయ్యే మాట.

ఆ పిల్ల అలాగే నిలబడి ఉంది. నా మొహంలోకి వింతగా చూస్తోంది. ఇంకోసారి అన్నాను. ఎవరికీ ఏమీ అందలేదు. ఈ లోకంలో పెదవులను మాటగా తీసుకునేది మా వాళ్లేనని నాకు అప్పుడే, అంతమంది ముందు తెలిసింది.

మేడమ్ పక్కకు పిలిచి, హిందీలో మెల్లగా చెప్పింది. "బేటా, పరీక్షలో ఇలా రాస్తే మా పిల్లలకు మార్కులు రావు. ఈసారికి వేరే అమ్మాయిని తీసుకుంటున్నాం."

బయటికొచ్చాను. బాపు రోడ్డుకు అవతల చాయ్ బండి దగ్గర నిలబడ్డాడు. మధ్యలో లారీలు. అక్కడి నుంచే పెదవులతో అడిగాడు.

"అచ్చిందా?"

రాలేదు బాపూ అనబోయాను. పెదవులు కదిలాయి. బాపు కళ్లు చిట్లించి చూశాడు. ఏంది, అని చేయి తిప్పాడు. మళ్లీ ప్రయత్నించాను. పెదవులు నా మాట వినడం లేదు, వాటంతటవే అదురుతున్నాయి.

సాంచాల నడుమ ఎవరినీ రెండోసారి అడగని మనిషి, లారీలకు అడ్డంపడి ఉరికొచ్చాడు. నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తాడు.

"ఏమంటున్నవ్ బిడ్డా? నాకు సమజ్ అయితలేదు. ఒక్కపారి మళ్ల చెప్పు."

చెప్పాలనే ఉంది. నా పెదవులకేసి చూస్తూ చూస్తూనే బాపు భోరుమన్నాడు.