తాళం వేసినవాడి సాక్ష్యం

అద్దకం షెడ్డు తలుపుకి బయటినుంచి తాళం వేసి ఉంది. లోపల మంటలు. తమ్ముడు లోపలినుంచి తలుపు బాదుతున్నాడు, బయట పెద్దక్క గొళ్లెం పట్టుకుని గుంజుతోంది. అరచేతులు బొబ్బలెక్కాయి గానీ తలుపు రాలేదు. కాసేపటికి లోపల చప్పుడు ఆగిపోయింది.

నలుగురు పోయారు. తలుపు తీసే ఉందనీ, ఆమె తమ్ముడు బీడీ కాల్చడం వల్లే మంట లేచిందనీ వాచ్‌మన్ పోలీసులకు చెప్పాడు.

ఆదివారం చర్చిలో ఆరాధన కాగానే ఫ్యాక్టరీ యజమాని మనిషి కాగితం తెచ్చాడు. పాస్టరుగారు మెత్తగా అన్నారు: "క్షమించి సంతకం పెట్టమ్మా. ప్రభువు ఆజ్ఞ కదా!"

పెద్దక్క కాగితం చదివింది. "తప్పు మావాడిదేనని ఉంది కదండీ ఇందులో. మరి నేనెవర్ని క్షమించాలి?"

ఆ సాయంత్రం వాచ్‌మన్ ఆమె గుమ్మంలో కూలబడ్డాడు. "తాళం నేనే వేశానక్కా. అయ్యగారు వేయమన్నారు. మంట చూసి, తాళంచెవి జేబులో ఉండగానే పారిపోయాను."

పెద్దక్కకు వాడి పీక పిసకాలనిపించింది. అన్ని రోజులుగా ప్రార్థనలో క్షమాపణ మాట దగ్గర ఆమె నోరు పెగలడంలేదు. కట్లు కట్టిన చేతుల్ని ఒళ్లోకి లాక్కుంది.

"క్షమించాను, పో," అంది చివరికి, పళ్లు బిగబట్టి. "ఇక నీమీద పగ పట్టను. నిజం మాత్రం నువ్వే చెప్పాలి."

"జైల్లో వేస్తారక్కా!"

"వేస్తారు. నాకు మాత్రం క్షమించానన్న మాట తేరగా వచ్చిందనుకున్నావా? సిలువ మీద ఆయనకు వచ్చిందా?"

లోపలినుంచి మరదలు దూసుకొచ్చింది. "నువ్వెవరివి వదినా క్షమించడానికి? పోయింది నా మొగుడు!"

"నీ వంతు నేను క్షమించలేనే. నా వంతే."

మరదలు బిడ్డనెత్తుకుని పక్కింటికి వెళ్లిపోయింది.

మర్నాడు ఫ్యాక్టరీ గేటు ముందు మూడొందల మంది కార్మికులు. వాచ్‌మన్ ఉన్నదంతా చెప్పాడు. జనం ఒక్కసారిగా మీదపడ్డారు. పెద్దక్క అడ్డం నిలబడింది. బాయిలర్ మేస్త్రీ విసిరిన కర్ర ఆమె భుజానికి తగిలింది.

"తప్పుకో అక్కా! శత్రువుని వెనకేసుకొస్తావా?"

"వీణ్ణి చంపితే సాక్ష్యం కూడా చస్తుందిరా! తాళం వేయించినవాడు ఆ మేడమీద కిటికీలోంచి చూస్తున్నాడు."

"అతన్నీ క్షమిస్తావా?"

"ఏమో. దానికి బలం ఇమ్మని దేవుణ్ణి అడుగుతున్నాను. క్షమించినా సరే, మూసిన తలుపుల వెనక మనలో ఒక్కరు కూడా పనిచేయరు!"

అప్పుడే పోలీసు వ్యాను వచ్చింది. వాళ్లు మేడవైపు కన్నెత్తి చూడలేదు. జనాన్ని రెచ్చగొట్టారంటూ పెద్దక్కనూ వాచ్‌మన్‌నూ ఎక్కించారు.

వ్యాను కదలబోతుంటే దాని ముందు మరదలు కూర్చుంది, చంకలో బిడ్డతో.

"నేను వీణ్ణి క్షమించలేదు," అని అరిచింది. "ఎప్పటికి క్షమిస్తానో కూడా తెలీదు. అయినా నిజం చెప్పినవాడి నోరు మూయించాలంటే నా మీంచి పోండి!"

బాయిలర్ మేస్త్రీ తల దించుకుని వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. తర్వాత నూలు కండెలు చుట్టే ఆడవాళ్లు. తర్వాత రోడ్డంతా. ఫ్యాక్టరీ కూత మూడుసార్లు మోగింది. ఒక్కరూ లేవలేదు.