బడికి దొరికిన భిన్నాభిప్రాయం

గల్ఫ్ యుద్ధం ముగిసిన ఏడాది సౌదీలోని బురైదాకు వచ్చిన ఓబులయ్య, పన్నెండేళ్లుగా ఒక మగపిల్లల బడికి బస్సు తోలుతున్నాడు. ఒక పొద్దున, ఆ బడిలో చాయ్ కాచే మస్తాన్ వలీ పరుగున వచ్చాడు.

"ఓబులయ్యా, ఉస్తాద్ సాలెహ్ నిన్ను క్లాసుకు రమ్మంటుండాడు."

"నేనేం తప్పు జేస్తి?"

"తప్పేం లేదప్పా. చదువులు మార్చాలని పైనుంచి ఆర్డరొచ్చింది. మతం పాఠంలో పిలకాయలు వేరే మతమోళ్ల మాట గూడా ఇనాలంట. ఈపొద్దు ఇన్‌స్పెక్టరొస్తుండాడు. బడి మొత్తానికి వేరే మతమోడివి నువ్వొక్కడివే."

"నా మాట నా పెండ్లామే ఇనదు గదా" అని గొణుక్కుంటూ ఓబులయ్య చొక్కా సర్దుకున్నాడు.

మతం పాఠాలు చెప్పే సాలెహ్‌కు ఈ కొత్త పద్ధతి మింగుడు పడలేదు. "ఊరికే తల ఊపు, చాలు" అని గుమ్మంలోనే చెవిలో చెప్పాడు.

ఇన్‌స్పెక్టరు వెనక బెంచీలో కూర్చున్నాడు. ఒక పిల్లవాడు లేచి, "మీ ఊరి బడిలో మతం పాఠం ఉండేదా?" అని అడిగాడు.

ఓబులయ్య తల ఊపడం మరిచిపోయాడు. తనకొచ్చిన అరబ్బీలో, "లేదు. వారానికొక నీతి పాఠం. అబద్ధమాడొద్దని చెప్పి అయ్యవారు కునుకు తీసేవాడు. ఎవరైనా వస్తే లేపమనేవాడు" అన్నాడు.

క్లాసంతా గొల్లున నవ్వింది. కళ్లన్నీ సాలెహ్ మీదికి తిరిగాయి. మధ్యాహ్నం నమాజు తర్వాత ఆయన తీసే కునుకు బడంతా ఎరిగినదే. సాలెహ్ గడ్డం సవరించుకుని, "చూశారా, మనకూ వాళ్లకూ తేడా ఏమీ లేదు. చర్చ ముగిసింది" అన్నాడు.

"తేడా లేకపోతే చర్చ ఎట్లా అవుతుంది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

సాలెహ్ దీనంగా చూశాడు. "ఓబుల్, ఏదో ఒకటి కాదని చెప్పు."

ఓబులయ్యకు భయమేసింది. దేవుడి జోలికి పోతే, ఈ దేశంలో ఉండనిచ్చే ఇకామా కాగితం ఏమైపోతుందో. చివరికి, "మీ గహ్వాలో పాలుండవు, చక్కెరుండదు. అది కాఫీ అంటే నేనొప్పుకోను" అన్నాడు.

అంతే, పిల్లలు బెంచీలెక్కారు. సాలెహ్ అంగీ చేతులు పైకి మడిచి, గహ్వాలో వేసే ఏలకుల గుణాలు చెబుతూ వాదనకు దిగాడు. ఓబులయ్య ఒక్క మెట్టు దిగలేదు. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. ఇన్‌స్పెక్టరు 'ఉత్తమం' అని రాసుకుని పోయాడు.

మరుసటి వారం పక్క బడి హెడ్మాస్టరు వచ్చి, తమ బడికీ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని, ఓబులయ్యను ఒక్క పూటకు పంపమన్నాడు.

"మీకు డ్రైవరు లేడా?" అన్నాడు సాలెహ్.

"ఉన్నాడు. ఏమడిగినా ఔనంటాడు."

సాలెహ్ బస్సు తుడుస్తున్న ఓబులయ్యను కేకేసి, "వీళ్ల బడికి పోతావా?" అని అడిగాడు.

"పోను" అన్నాడు ఓబులయ్య.

సాలెహ్ హెడ్మాస్టరు వైపు గర్వంగా చూశాడు.