వాన లిల్లీ పూచేదాకా

అక్క గురక పెడుతుందని చెల్లెలి ఫిర్యాదు. తన జన్మలో ఒక్కనాడూ గురక వినలేదని అక్క వాదన. నిద్రపోయే మనిషికి తన గురక వినపడదు గనుక, ఆ మాటా నిజమే.

ఇద్దరూ మనవల్ని ఎత్తినవాళ్ళే. భర్తలు పోయాక ఒకే గదిలో చెరో గోడకీ మంచం వేసుకుని ఉంటున్నారు. వరండాకి అవతల పాత సామాన్ల గది ఒకటుంది. చెల్లెలు దాన్ని కడిగి, సున్నం వేయించి, ఒకరోజు మెల్లిగా అంది.

"నా మంచం అటు మార్చుకుంటాను అక్కా."

అక్క గుండెలో రాయి పడింది. ఆమె బతుకులో "ఇప్పుడే వస్తా" అని గడప దాటినవాళ్ళెవరూ ఇప్పుడే రాలేదు. కొందరు అసలే రాలేదు.

"వెళ్ళు తల్లీ, వెళ్ళు. ఆపడానికి నేనెవర్ని?" అని ముక్కు చీదింది.

"అబ్బబ్బ! దేశాలు పట్టిపోతున్నానా? వరండా దాటుతున్నాను, అంతే. సరేలే, ఆ కుండీలో వాన లిల్లీ పూచిన రోజే మారతాను. ఇక ఏడుపాపు."

అక్కకి ప్రాణం లేచొచ్చింది. ఆ కుండీ రెండేళ్ళుగా గడ్డిలా ఏపుగా పెరగడమే తప్ప ఒక్క మొగ్గ తొడిగిన పాపాన పోలేదు. అయినా కీడెంచి మేలెంచాలి కదా! ఇంతకాలం రెండు పూటలా నీళ్ళు పోసిన చెయ్యి ఆ రోజు నుంచి ఖాళీ చెంబు వంచి, "చాలా అమ్మా? చాల్లే" అని చెల్లెలికి వినపడేలా అనడం మొదలుపెట్టింది.

ఆకులు వాలాయి. కొసలు ఎండాయి. అటు చూస్తుంటే అక్కకి ముద్ద దిగేది కాదు. ఒక మధ్యాహ్నం ఇక తట్టుకోలేక బకెట్టెడు నీళ్ళు తెచ్చి కుమ్మరించింది.

"పూయకు తల్లీ. బతుకు, చాలు" అని బతిమాలింది.

నాలుగు రోజులు తిరక్కుండానే కుండీ నిండా గులాబీరంగు పువ్వులు! చెల్లెలి కేకలకి కింద దుకాణంలోని దర్జీ మెడలో టేపుతోనే పైకొచ్చాడు.

"ఏం చేశారు పెద్దమ్మా?"

"నేనేం చేశాను నాయనా? ఏమీ చేయలేదు!"

"అదే మరి! వీటికి కొన్నాళ్ళు దాహం వెయ్యాలి. బాగా ఎండి, ఒక్కసారిగా తడిస్తే పూత. రోజూ పోస్తూ కూర్చుంటే గడ్డే."

"ముందే చెప్పొచ్చుగా?"

"ఆ కుండీ దగ్గరికి మమ్మల్ని రానిస్తేగా!"

చెల్లెలు చీరకొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ పూటే మంచం వరండా దాటింది. దాని వెనకే, సగం దుంపలు పెళ్ళగించి పాత గిన్నెలో నాటి, అక్కే స్వయంగా మోసుకెళ్ళి ఆ గుమ్మంలో పెట్టింది.

"దీనికి రోజూ నీళ్ళు పోశావంటే ఊరుకోను" అని గద్దించింది కూడా.

ఆ రాత్రి భోజనాలయ్యాక అక్క నడుం వాల్చింది. ఎదుటి గోడ బోసిగా ఉంది. ఎంతకీ కన్ను మూతపడదు. అంతలో తలుపు తోసుకుని చెల్లెలు ఊడిపడింది.

"ఏమైందే?"

"గురక వినపడలేదు. ఉన్నావో పోయావోనని పరిగెత్తుకొచ్చాను."

"నేనెప్పుడు గురక పెట్టానే?"

"పెట్టు తల్లీ, నీ పుణ్యముంటుంది. తలుపు మాత్రం తీసే ఉంచు."

చెల్లెలు వరండా సగం దాటిందో లేదో, వెనక నుంచి మొదలైంది.