మొహమాటానికి పూసుకున్న నూనె

ఆదివారం కావడంతో కుట్టుమిషన్లన్నీ ముసుగులు కప్పుకుని ఉన్నాయి. దుకాణం వెనక గదిలో మాత్రం స్టవ్వు వెలుగుతోంది. టైలరమ్మ గిన్నె దింపి, గోరువెచ్చని నూనెను పలుచటి గుడ్డలో వడగట్టి, కడిగి ఆరబెట్టిన సీసాల్లోకి ఒక్క బొట్టు ఒలకకుండా పోస్తోంది. నిమ్మగడ్డి, లవంగాలు, యూకలిప్టస్ ఆకులు మరిగిన ఆ వాసన గది దాటి, దుకాణం దాటి, వీధి మలుపు దాకా పాకింది.

ఆ వీధిలో ఎవరు చెట్టూచేమా ఉన్న చోటికి షికారు వెళ్ళినా, టైలరమ్మ దోమల నూనె సీసా ఒకటి వాళ్ళ సంచిలో పడాల్సిందే. ఆవిడ ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోదు. పుచ్చుకునేదల్లా మెచ్చుకోలు.

"నీ నూనె ఉంటే దోమ మా దరిదాపులకు రాలేదు వదినా" అని ఎదురింటి బేకరీ ఆవిడ అన్నప్పుడల్లా టైలరమ్మ ముఖం వెలిగిపోయేది. రెండు సీసాలు అడిగినవాళ్ళకు మూడు ఇచ్చేది.

ఇలాంటి పెద్ద మనసున్న మనుషులు మన ఇళ్ళల్లోనూ ఉంటారు. వాళ్ళు ప్రేమగా చేతిలో పెట్టినదాన్ని వద్దనడానికి మనకు నోరు రాదు. నోరు రాకపోవడాన్ని మనం మర్యాద అనుకుంటాం. అది మర్యాదో కాదో ఈ ఇంట్లో జరిగింది చూసి పాఠకులే తేల్చుకోవచ్చు.

ప్రతి ఏడూ వానలు వెనకబట్టాక, దుకాణంలో పనిచేసేవాళ్ళూ ఇరుగుపొరుగువాళ్ళూ కుటుంబాలతో కలిసి అడవి అంచున ఉన్న సరస్సుకు వెళ్ళి, గుడారాలు వేసుకుని రెండు రాత్రులు గడిపి వస్తారు. ఈసారి టైలరమ్మ కోడలు కూడా బయలుదేరింది. ఆ అమ్మాయి కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్షలు చేస్తుంది. మాట తక్కువ, పని నిదానం. ఇప్పుడు ఐదో నెల గర్భిణి.

ప్రయాణానికి ముందురోజు కోడలు బట్టలు సర్దుకుంటుంటే, సంచిలో ఒక కొత్త ట్యూబు టైలరమ్మ కంటబడింది.

"ఇదేమిటమ్మాయ్?"

"దోమలు కుట్టకుండా రాసుకునే క్రీము అత్తయ్యా."

టైలరమ్మ ట్యూబును వెలుతురుకు పెట్టి చూసింది. నోరు తిరగని పేరేదో ఉంది, పక్కన శాతం ఉంది. మూత తీసి వాసన చూసింది. గట్టి వాసనేమీ లేదు.

"ఘాటే లేదు, ఇదేం పనిచేస్తుంది? పైగా మందు. కడుపులో బిడ్డను పెట్టుకుని ఒంటికి మందులు పూసుకుంటావా? ఇంట్లో అన్నీ ఆకులతో చేసిన నూనె ఉండగా?"

"డాక్టరమ్మను అడిగాను అత్తయ్యా. కడుపుతో ఉన్నవాళ్ళు కూడా దీని మీద రాసినట్టు వాడుకుంటే పరవాలేదన్నారు. దోమకాటు జ్వరం వస్తేనే బిడ్డకు ప్రమాదమట."

"నా ముగ్గురు పిల్లల్నీ ఏ ట్యూబు పెట్టి పెంచానూ?"

కోడలు నవ్వింది. ఎదురు చెప్పలేదు, ట్యూబునూ బయటికి తీయలేదు. "మీ నూనె వాసన నాకు ఇష్టమే అత్తయ్యా. దీన్ని మాత్రం మాననండి" అంది, మెత్తగా.

టైలరమ్మకు ఆ మాట చివుక్కుమంది. కొత్తగా వచ్చిన పిల్లకు తన చేతి పని మీద నమ్మకం లేదు. ఆ పూటంతా కోడలితో ముక్తసరిగా మాట్లాడింది.

సరస్సు ఒడ్డున సాయంత్రం హాయిగా మొదలైంది. మగవాళ్ళు గుడారాలు బిగించారు. బేకరీ ఆవిడ తెచ్చిన రొట్టెలు అందరూ పంచుకున్నారు. టైలరమ్మ సీసా పట్టుకుని పేరుపేరునా పిలిచి నూనె పూసింది. ఆవిడ కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆరడుగుల మనిషి చిన్నపిల్లాడిలా చేతులు చాచి నిలబడ్డాడు. తల్లి అతని మెడకూ చెవుల వెనకా కూడా పూసి, "ఇక నిశ్చింతగా ఉండరా" అంది.

కాసేపు అందరూ నిశ్చింతగానే ఉన్నారు. పొద్దు వాలేసరికి నూనె వాసన పలచబడింది. నీళ్ళ పక్క రెల్లుగడ్డిలోంచి దోమలు లేచాయి. ఒకరు మోచేయి చరుచుకున్నారు, ఇంకొకరు మెడ తడుముకున్నారు. బేకరీ ఆవిడ కాళ్ళు చీరలోకి ముడుచుకుని కూర్చుంది. "చలిగా ఉందా?" అని టైలరమ్మ అడిగితే, "అవును వదినా, కొంచెం" అంది. చలేమీ లేదు.

కోడలు మాత్రం పొడుగు చేతుల చొక్కా వేసుకుని, బయటికి కనిపించే చోటల్లా ఆ క్రీము రాసుకుని, కదలకుండా కూర్చుని సరస్సు కేసి చూస్తోంది. భర్త గోక్కోవడం గమనించి ట్యూబు అతని వైపు జరిపింది.

"రాసుకో."

"అమ్మ చూస్తోంది."

"చూస్తే ఏం?"

"నొచ్చుకుంటుంది. రెండు రోజులే కదా, పోనీలే."

ఆ రెండు రోజులూ అతను తల్లి ముందు నూనె పూసుకున్నాడు. తల్లి వెనక గోక్కున్నాడు.

ఇంటికి తిరిగొచ్చిన వారానికి అతనికి జ్వరం పట్టుకుంది. మామూలు జ్వరమనుకున్నారు. కళ్ళ వెనక పోట్లు, కీళ్ళు విరిచేసినట్టు నొప్పులు మొదలయ్యేసరికి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రక్తపరీక్ష చేసి డెంగీ అన్నారు. లిఫ్టు తీగలు ఒంటిచేత్తో లాగే మనిషి, మంచినీళ్ళ గ్లాసు ఎత్తలేక భార్య చేతిలోంచి తాగాడు. టైలరమ్మ దుకాణం మూసి మంచం పక్కనే కూర్చుంది.

వార్డు డాక్టరు పొట్టిగా, చలాకీగా ఉండే పెద్దావిడ. సరస్సు సంగతి విని, "ఏ దోమ ఎక్కడ కుట్టిందో ఎవరం చెప్పలేం లెండి. అక్కడ ఒంటికేం రాసుకున్నారు?" అని అడిగింది.

"నూనె. నేనే చేశాను" అంది టైలరమ్మ.

"ఎంతసేపు పనిచేస్తుంది?"

 ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న నూనె ఎంతసేపు పనిచేస్తుందని టైలరమ్మ ఎప్పుడూ ఎవరినీ అడగలేదు. అందరూ బాగుందన్నారు, అంతే.

డాక్టరు తప్పుపట్టలేదు. "ఇంట్లో చేసిన నూనెల బలం త్వరగా ఆవిరైపోతుందండీ. మొక్కల నుంచి తీసినవాటిలోనూ పరీక్షలకు నిలిచినవి ఉన్నాయి. ఆకుతో చేశారా, మందుతో చేశారా అన్నది కాదు, పరీక్షించారా లేదా అన్నదే చూడాలి" అంది. తర్వాత కోడలి వైపు తిరిగి, "నువ్వు జాగ్రత్తమ్మా. ఇతన్ని కుట్టిన దోమ తర్వాత నిన్ను కుడితే ఈ జ్వరం నీకూ రావచ్చు. ఇతనికి దోమతెర కట్టండి. నువ్వు రాసుకునేది మానకు" అని చెప్పి వెళ్ళింది.

టైలరమ్మ కోడలి కేసి చూసింది. ఆ పిల్ల తన మాట విని ట్యూబును ఇంట్లోనే వదిలేసి ఉంటే? ఇప్పుడు ఒక మంచం కాదు, రెండు మంచాలు. పుట్టని బిడ్డతో కలిపి ముగ్గురి ప్రాణాల మీదికి వచ్చేది. 

జ్వరం తగ్గుముఖం పట్టిన రోజున కొడుకు మెల్లగా అన్నాడు. "అమ్మా, నీ నూనె గంట కూడా నిలవదని నాకు ఎప్పటినుంచో తెలుసు."

"మరి చెప్పలేదేంరా?"

"చెబితే నొచ్చుకుంటావని."

"ఇప్పుడు నొచ్చుకోలేదా నేను? నిన్ను ఇలా చూసి?"



ఇంటికి వచ్చాక టైలరమ్మ నేరుగా బేకరీకి వెళ్ళింది. "నిజం చెప్పు. నా నూనె పనిచేస్తుందా?" అని అడిగింది. బేకరీ ఆవిడ కత్తి పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, నేల చూపులు చూసింది. "వాసన బావుంటుంది వదినా."

"వాసన సంగతి అడగలేదు."

"నువ్వంత ఆప్యాయంగా ఇస్తుంటే ఎలా చెప్పను? పోయినేడు మా చంటిదానికి రాస్తే బుగ్గలు ఎర్రగా కందాయి. అప్పటినుంచి సీసా తీసుకుని అలమారులో పెట్టేస్తున్నాను."

 "ఆ సీసాలన్నీ తెచ్చిపెట్టు" అంది టైలరమ్మ. అలా ఇల్లిల్లూ తిరిగి అడిగింది. దాదాపు ప్రతి ఇంట్లోనూ మూత తీయని సీసా ఒకటి దొరికింది. మరొకరైతే సిగ్గుతో మంచం పట్టేవారు. ఈవిడ కొలత తప్పిన జాకెట్టును విప్పి మళ్ళీ కుట్టే మనిషి. కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని, "ఏది కొనాలో ఎలా చూసుకోవాలో నాకు నేర్పు" అంది. కోడలు నేర్పింది. ఇద్దరూ ఒక రోజు మందుల దుకాణానికి వెళ్ళి, ఒక్కో ట్యూబూ తిప్పి చదివారు. చేతికి కట్టుకుంటే దోమలు రావంటూ ఒక సువాసన కంకణాన్ని దుకాణదారు ముందుకు తోస్తే, "ఇందులో మందేముంది, ఎంతసేపు పనిచేస్తుంది?" అని టైలరమ్మే అడిగింది. అతను చెప్పలేకపోయాడు. కంకణం వెనక్కి వెళ్ళింది.

మరుసటి ఏడు సరస్సు ప్రయాణానికి ముందు అందరూ కుట్టు దుకాణంలో చేరారు. మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని టైలరమ్మ మాట్లాడింది. గొంతులో బెరుకు లేదు.

"ఈసారి నూనె లేదు. ట్యూబు మీద డీట్ అనో, పికారిడిన్ అనో మందు పేరున్న క్రీము తెచ్చుకోండి. శాతం ఎక్కువైతే ఎక్కువసేపు కాపాడుతుంది, అంతేగాని దోమను గట్టిగా కొడుతుందని కాదు. ఎండకు రాసుకునేది ముందు, ఇది తర్వాత. పిల్లలకు వయసు చూసి, మీ చేత్తో మీరే రాయండి. వాళ్ళ అరచేతులకు వద్దు, కళ్ళ దగ్గరా పుళ్ళ మీదా వద్దు. దీన్ని మరీ చంటిపిల్లలకు అసలు రాయకూడదట, నా మనవరాలికి తెర కడతాం. గుడారంలోకి రాగానే సబ్బుతో కడుక్కోండి."

"మరి పనిచేయకపోతే వదినా?" అని బేకరీ ఆవిడ నవ్వుతూ అడిగింది.

"పనిచేయకపోతే పనిచేయలేదని చెప్పు, నా మొహం మీదే చెప్పు. నా కొడుకును దోమ ఒక్కటే పడగొట్టలేదు. బాగాలేదని తెలిసీ బాగుందన్న మనమందరం కలిసి పడగొట్టాం. ప్రేమగా ఇచ్చారని దేన్నీ ఒంటికి పూసుకోకండి. ఒంటిని కాపాడేది ఇచ్చినవాళ్ళ మంచితనం కాదు, పరీక్షకు నిలిచిన మందు. ఆ నిజాన్ని మొహమాటం లేకుండా చెప్పగలిగేవాళ్ళే మన మేలు కోరేవాళ్ళు."