మూడో కొక్కేనికి వేలాడే కోటు

నెలలో మొదటి మంగళవారం సాయంత్రం నాలుగింటికి బెల్‌ఫోర్డ్ యూదుల ప్రార్థన మందిరంలో దానాల కమిటీ కూర్చుంటుంది. అంతకు పది నిమిషాల ముందు బ్లూమా కార్లిన్ మెడలో టేపు వేసుకుని కోట్లు తగిలించే గదిలోకి వెళ్తుంది. మూడో కొక్కేనికి వేలాడే గోధుమరంగు ఉన్ని కోటును కొలుస్తుంది. భుజం, ఛాతీ, మెడ వెనక నుంచి చేతి పొడవు పుస్తకంలో రాసుకుంటుంది. తర్వాత మీటింగు గదికి వచ్చి, ఇంటి నుంచి తెచ్చిన గసగసాల బిస్కెట్ల డబ్బా మూత తీసి బల్ల మధ్యలో పెడుతుంది.

ఆ కోటు కుట్టినవాడు ఈ మందిరం కట్టించినవాళ్లలో ఒక దర్జీ. ఆయన పోయి డెబ్బై ఏళ్లయింది. ఊళ్లో ఎవరి గతి అందరికంటే అధ్వాన్నంగా ఉంటే కోటు వాళ్ల కొలతకు మారుతుంది. ఒక చలికాలం అది ఆరేళ్ల పిల్లకు సరిపోయేంత చిన్నదైంది. ఇంకోసారి నిండుచూలాలికి పట్టేలా ముందువైపు వదులైంది. మందిరం పైకప్పు కారుతుందని తెలిసినట్టే, బాయిలరు ఉదయంపూట మొరాయిస్తుందని తెలిసినట్టే, కోటు కొలత మారుతుందని కూడా అందరికీ తెలుసు. మీటింగు మొదట్లో ఆ కొలతలు పైకి చదవడం ఆనవాయితీ. చదివాక అందరూ తలలూపుతారు. ఆ తర్వాత అసలు పని మొదలవుతుంది.

ఆ అక్టోబరులో బ్లూమా కళ్లజోడు సర్దుకుని చదివింది. "భుజం పద్దెనిమిది అంగుళాలు. ఛాతీ ముప్పై ఎనిమిది. చెయ్యి ముప్పై ఆరు."

"అబ్బో, తాటిచెట్టంత మనిషి," అన్నాడు ఆవ్రోమ్ జైట్లిన్, బిస్కెట్టు అందుకుంటూ. ఆయన నలభై ఏళ్లు చెప్పుల దుకాణం నడిపాడు. "పాదాలు కూడా ఉంటే జోళ్ల సైజు చెప్పేవాణ్ణి."

"నువ్వు చెప్పేది ఎప్పుడూ అర సైజు తక్కువే కదా. కూర్చో," అంది బ్లూమా.

ఆ ఏడు వాళ్ల ముందున్న పని మామూలుది కాదు. మందిరంలో సభ్యుడైన ఒక పళ్ల డాక్టరు చనిపోతూ నలభై వేల డాలర్లు కమిటీకి రాసిపెట్టాడు. నల్లజాతి వాళ్లకు జరుగుతున్న అన్యాయాన్ని సరిదిద్దే సంస్థకు, అదీ మన ధర్మానికి తగిన సంస్థకు ఇవ్వాలని షరతు. రెండేళ్ల కిందట నల్లజాతి వాళ్లకు న్యాయం కోరుతూ ఊరేగింపులు జరిగినప్పుడు మద్దతుగా మందిరం ముందు గడ్డిలో పాతిన బోర్డు ఎండకు వెలిసిపోయింది. ఇప్పుడు చేతలతో చూపించే అవకాశం వచ్చిందని అందరూ సంతోషించారు.

బల్ల మీద అయిదు సంస్థల కాగితాలున్నాయి. బడిపిల్లలకు సాయం చేసేదొకటి, ఓటు హక్కు కోసం పనిచేసేదొకటి, నల్లజాతి రైతుల భూములు కాపాడేదొకటి, మ్యూజియం ఒకటి. అయిదోది ఊళ్లోనే ఉన్న బెయిలు నిధి. బెయిలు కట్టలేక విచారణకు ముందే జైల్లో మగ్గేవాళ్లకు అది బెయిలు కట్టి బయటికి తెస్తుంది.

"నా ఓటు దీనికే," అంది తమార్ ఓడెల్, అయిదో కాగితం మీద వేలు పెట్టి. తమార్ నర్సు. నల్లజాతి మనిషి, ఆ కమిటీలో అందరికంటే చిన్నది. "చెరలో ఉన్నవాణ్ణి విడిపించడం అన్ని దానాలకంటే ముందు. అందుకోసం మందిరం కట్టడానికి తెచ్చిన ఇటుకలైనా అమ్మొచ్చని మన పెద్దలు ఒప్పుకున్నారు."

"మన ఇటుకలు ఎవరు కొంటారమ్మా? వానొస్తే కారతాయి," అన్నాడు ఆవ్రోమ్. "హాస్యానికన్నాలే. కానీ బయటికొచ్చినవాడు రేపు ఏదైనా చేస్తే? పేపర్లో మన పేరు పడితే?"

"మన పేరు ఎక్కడా పడదు," అంది బ్లూమా. "ఇచ్చినవాళ్లెవరో వాళ్లకు తెలియకూడదు, పుచ్చుకున్నవాళ్లెవరో మనకు తెలియకూడదు. దానానికి పెద్దలు పెట్టిన ఎనిమిది మెట్లలో పైనుంచి రెండోది అదే. మనం అక్కడినుంచి దిగం."

బ్లూమా ముప్పై అయిదేళ్లు లెక్కలు చెప్పిన మనిషి. అబద్ధం చెప్పదు, ఆలస్యంగా రాదు, ఎవరి సొంత విషయంలోనూ తలదూర్చదు. తన వల్ల ఒక మనిషి నలుగురిలో సిగ్గుపడకూడదన్నది ఆమె జీవితమంతా పాటించిన నియమం. అందుకే కమిటీలో ఎవరికి అవసరం ఉందన్న మాట వచ్చినా పేర్లు రానిచ్చేది కాదు.

ఆ రోజు అయిదు సంస్థలకూ పద్నాలుగు ప్రశ్నలు రాసి పంపాలని తీర్మానించారు.

మందిరం చూసుకునే ఎల్‌వుడ్ ప్రూయిట్ మీటింగు అయ్యాక కుర్చీలు మడిచాడు. అతనికి యాభై ఎనిమిదేళ్లు, ఇరవై ఆరేళ్లుగా అక్కడే పని. మంచు ఎత్తిపోయడం, బాయిలరును బుజ్జగించడం, శుక్రవారం మధ్యాహ్నం వాళ్ల విశ్రాంతి దినమైన సబ్బాతుకు ముందు ఆ కోటును బ్రష్షుతో దులపడం అతని పనులు. సెప్టెంబరు చివర కోటు దులుపుతూ చెయ్యి పట్టుకుని చూసి అక్కడే నిలబడిపోయాడు. ముప్పై ఆరంగుళాల చెయ్యి. అలాంటి చెయ్యి ఉన్న చొక్కా కోసం ఈస్టరుకు మూడు దుకాణాలు తిరిగాడు. అది అతని కొడుకు రాండెల్ కొలత.

రాండెల్ అప్పటికి పన్నెండు రోజులుగా ఊళ్లోని హాలోవే కౌంటీ జైల్లో ఉన్నాడు. పెట్రోలు బంకు దుకాణాన్ని ఎవరో పొడుగాటి నల్లవాడు దోచాడు. గుమాస్తాకు ఫోటోలు చూపిస్తే రాండెల్ ఫోటో మీద వేలు పెట్టాడు. ఆ వేళకు రాండెల్ ఇంట్లో తల్లికి అన్నం పెడుతున్నాడు. సాక్ష్యం తల్లిది, ఆమెకు పక్షవాతం, మాట రాదు. బెయిలు పదిహేను వేల డాలర్లు. ఎల్‌వుడ్ బెయిలు నిధికి ఫోన్ చేస్తే అక్కడి మనిషి మర్యాదగానే చెప్పింది. "మా దగ్గర ఇప్పుడు పైసా లేదు బాబాయ్. వచ్చిన రోజున మొదటి పేరు మీవాడిదే."

అక్టోబరు మీటింగుకు బల్ల మీద కాగితాలు పేర్చింది ఎల్‌వుడే. అయిదోది ఆ నిధిదని చూశాడు. తలుపు బయట నిలబడి కొలతలు చదవడం కూడా విన్నాడు. రోజూ తమ కళ్ల ముందు పెరిగిన పిల్లవాడు. వాళ్ల పండక్కి ఆరుబయట పందిరి వేస్తుంటే నిచ్చెన లేకుండా కప్పుకు కొమ్మలు కట్టినవాడు. ఇంకా పేరు చెప్పాలా? కోటు చెప్పింది, వాళ్లు విన్నారు, ఇక చేస్తారు అనుకున్నాడు. ఇరవై ఆరేళ్లలో వాళ్లని ఏదీ అడగని మనిషి అప్పుడూ అడగలేదు.

నవంబరులో బ్లూమా చదివింది. "భుజం పద్దెనిమిది. ఛాతీ ముప్పై ఆరు. చెయ్యి ముప్పై ఆరు."

"చిక్కిపోయాడు," అంది తమార్.

"ఉన్ని బిగుసుకుని ఉంటుంది. చలి కదా," అన్నాడు ఆవ్రోమ్.

జవాబులు మూడు సంస్థల నుంచే వచ్చాయి. మిగతావాటి కోసం ఆగుదామన్నారు.

డిసెంబరులో ఛాతీ ముప్పై అయిదు. ఆ నెల ఆవ్రోమ్ ఒక కాగితం అచ్చు వేసి తెచ్చాడు. బెయిలు నిధి వాళ్లు ఎప్పుడో ఇజ్రాయెల్‌ను తప్పుపట్టే ఒక ప్రకటన మీద సంతకం పెట్టారట. గది వేడెక్కింది.

"మనల్ని తిట్టినవాళ్లకు మన చచ్చిపోయిన డాక్టరు డబ్బా?" అన్నాడు ఆవ్రోమ్.

"జైల్లో ఉన్నవాడు పెట్టాడా అంకుల్ ఆ సంతకం?" అంది తమార్.

"నీకు ఇదంతా తేలిగ్గా ఉంటుందమ్మా. మా అమ్మమ్మ వాళ్లు యూరప్‌లో ఏం చూసి వచ్చారో..."

తమార్ కుర్చీ వెనక్కి జరిపింది. "నేను మొదటిసారి ఈ మందిరానికి ప్రార్థనకు వచ్చిన రోజు గుర్తుందా? గుమ్మంలో ఎదురొచ్చి, నన్ను పనిమనిషి అనుకుని, వంటగది అటువైపు అని నవ్వుతూ చూపించావు. నాకేదీ తేలిగ్గా లేదు."

ఆవ్రోమ్ ముఖం కందిపోయింది. "దానికి అప్పుడే క్షమాపణ అడిగాను కదా," అన్నాడు.

"అడిగావు. అందుకే ఇంకా అంకుల్ అంటున్నాను."

ఆ ప్రకటన మీద నిధి వాళ్లని వివరణ అడుగుతూ ఉత్తరం రాయాలని తీర్మానించారు.

మర్నాడు, మర్చిపోయిన పుస్తకం కోసం వెనక్కి వచ్చిన బ్లూమాకు కోట్ల గదిలో ఎల్‌వుడ్ కనిపించాడు. గోధుమరంగు కోటు చేతిని రెండు చేతులతో పట్టుకుని, ముఖం అందులో దాచుకుని నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. బ్లూమా మునివేళ్ల మీద వెనక్కి నడిచింది. అడిగితే మనిషి చిన్నబుచ్చుకుంటాడు, పెద్దరికం పోతుంది అనుకుంది. కారులో కూర్చున్నాక, తాను చేసింది సరైన పనేనని ఆమెకు తృప్తిగా కూడా అనిపించింది. మనిషి తన మంచితనాన్ని చూసుకుని మురిసే క్షణం కంటే ప్రమాదమైనది లేదు. ఆ క్షణంలో ఎదుటివాడు కనిపించడు.

ఎల్‌వుడ్ ఆమె అడుగుల చప్పుడు విన్నాడు. వచ్చిందనీ, చూసి వెళ్లిపోయిందనీ అతనికి తెలుసు. వాళ్లు వద్దనుకున్నారని ఆ రోజు నిశ్చయించుకున్నాడు.

జనవరిలో ఛాతీ ముప్పై నాలుగు. మంచు పడి ముగ్గురే రావడంతో ఓటు పెట్టడానికి కుదరలేదు.

ఫిబ్రవరి మంగళవారం బ్లూమా కోటు కొలవబోతే అది కొక్కేనికి గుడ్డపేలికలా వేలాడుతోంది. ఛాతీ ముప్పై మూడు. చెయ్యి మాత్రం ముప్పై ఆరే. ఆమె ఆ అంకెలు చదివాక ఈసారి ఎవరూ తలలూపలేదు.

"ఇది ఉన్ని కాదు ఆవ్రోమ్ అంకుల్," అంది తమార్ మెల్లగా. "మనిషి తిండి మానేశాడు. ఇలాంటి ఒళ్లు వార్డులో రోజూ చూస్తాను."

ఆవ్రోమ్ బిస్కెట్ల డబ్బాకు మూత పెట్టేశాడు. "పెట్టు ఓటు," అన్నాడు.

అయిదుగురూ బెయిలు నిధికే చేతులెత్తారు. బ్లూమా అప్పటికప్పుడు చెక్కు రాసి కవరులో పెట్టింది. నాలుగు ముప్పై అయిదు అయింది. కవరు పట్టుకుని తన కోటు తీసుకోవడానికి గదిలోకి వెళ్లింది. అక్కడ ఎల్‌వుడ్ ఉన్నాడు. శుక్రవారం కాదు, చేతిలో బ్రష్షు లేదు. ఊరికే కోటు ముందు నిలబడ్డాడు.

చెక్కు రాసిన ధైర్యమో ఏమో, బ్లూమా తన నియమం తప్పి అడిగింది. "ఎల్‌వుడ్ గారూ, ఇది ఎవరి కొలతో మీకేమైనా తెలుసా?"

అతను ఆమె వంక వింతగా చూశాడు. "ప్రతి నెలా మీరే చదువుతున్నారు కదా బ్లూమా గారూ."

"చదువుతాను. ఎవరిదో తెలియదు."

"మా రాండెల్‌ది."

బ్లూమా ఒక అడుగు ముందుకు వేసింది. "ఎక్కడున్నాడు?"

"సెప్టెంబరు నుంచి జైల్లో. మీకు తెలుసనుకున్నాను. తెలిసే ఊరుకున్నారనుకున్నాను." అతని గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఆమె భరించగలిగేది.

ఆమె కవరు ముందుకు చాపింది. "ఇదిగో, ఇప్పుడే, ఇవాళే పంపిస్తున్నాం. రేపటికల్లా..."

"పొద్దున పది గంటలకు సంతకం పెట్టాడండి. దోపిడీ నేనే చేశానని. ఒప్పుకుంటే ఆరేళ్లు, ఒప్పుకోకుండా కేసు ఓడిపోతే ఇరవై అన్నాడు సర్కారు వకీలు. విచారణ వేసవి దాకా రాదట. ఆ గదిలో ఇంకొక్క రాత్రి ఉండలేను నాన్నా అన్నాడు. ఈపాటికి బండి ఎక్కించి ఉంటారు. పెద్ద జైలు ఇక్కడికి రెండొందల మైళ్లు."

వాళ్లిద్దరూ చూస్తుండగానే కోటు చేతులు పైకి ముడుచుకున్నాయి. భుజాలు వెడల్పయ్యాయి. ఛాతీ నిండింది. ఎవరో పొట్టి, బలమైన మనిషి కొలతకు వచ్చి ఆగింది. కోటుకు ఈ ఊరి సంగతే తెలుసు. రాండెల్ ఊరు దాటిపోయాడు.

ఎల్‌వుడ్ కోటు చెయ్యి పట్టుకుని కొస దాకా తడిమాడు. కొడుకు పొడవు అక్కడ లేదు. అది కూడా పోయాక అతను అక్కడ నిలబడలేదు. తాళాల గుత్తి నడుము నుంచి తీసి కిటికీ గట్టు మీద పెట్టి, తల వంచుకుని మంచులోకి వెళ్లాడు. నెల తిరక్కుండా భార్యను తీసుకుని ఆ జైలున్న ఊరికి మారాడనీ, అక్కడేదో హోటల్లో గిన్నెలు కడుగుతున్నాడనీ తెలిసింది. బ్లూమా మూడు ఉత్తరాలు రాసింది. మూడూ విప్పకుండానే తిరిగొచ్చాయి. విప్పమని అడిగే హక్కు ఆమెకు లేదు.

మార్చి మీటింగుకు ఆమె వెళ్లలేదు. కమిటీ పుస్తకం ఆవ్రోమ్ చేతికిచ్చి, కోటు మాత్రం కొక్కెం నుంచి తీసుకుంది. "మందిరం బయటికి దాన్ని ఎవరూ తీసుకెళ్లలేదే," అన్నాడు ఆవ్రోమ్. "అవును," అంది ఆమె. అతను తలుపు తెరిచి పట్టుకున్నాడు.

అప్పటి నుంచి డెబ్బై ఒక్కేళ్ల లెక్కల టీచరు వారానికి నాలుగు పొద్దులు కౌంటీ జైలు ముందు, లోపలివాళ్లని చూడటానికి వచ్చినవాళ్ల వరసలో నిలబడుతోంది. చేతి మీద కోటు, మెడలో టేపు. "మీవాడి చెయ్యి ఎంత పొడవు?" అని సిగ్గు లేకుండా అడుగుతుంది. ఆ వరసలో ఎవరూ ఆశ్చర్యపోరు. తల్లులు గాలిలో కొలిచి చూపిస్తారు. కోటు రోజుకో కొలతలో ఉంటుంది. సరిపోయినవాడి పేరు నిధి వాళ్లకు చెప్పేసరికి, కొన్నిసార్లు వాడు సంతకం పెట్టేసి ఉంటాడు. కొన్నిసార్లు కోటు ఆమె చేతి మీదే మారిపోతుంది, అప్పుడు ఆమె ఆ పేరు కొట్టేస్తుంది. రాండెల్ లెక్క ఆరేళ్లలో ఇంకా మొదటి ఏడే.

ఏప్రిల్‌లో ఒక గురువారం వానలో ఒక అమ్మాయి తన అన్న చెయ్యి పొడవు గాలిలో చూపించింది. కోటు చెయ్యి నాలుగంగుళాలు పొట్టి. "వీడు కాదమ్మా," అంది బ్లూమా. ఆ మాట అనడం ఆమెకు ఇంకా అలవాటు కాలేదు.

వెనక నిలబడిన ముసలావిడ గొడుగు పక్కకు వంచి కోటు వంక చూసింది. ఉన్ని భుజాన్ని రెండు వేళ్లతో నొక్కింది. చేతి కొస దగ్గర తన అరచెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉంచింది.

"మావాడు పొట్టివాడండి," అంది. "చేతులు ఇంతే ఉంటాయి."

బ్లూమా టేపు తీయలేదు. కోటును ఆమె చేతుల్లో పెట్టింది.

"పేరు చెప్పమ్మా," అంది.