ఇద్దరు ఎత్తాల్సిన పెట్టె

పెట్టెలు పైకెక్కే బెల్టు మీద ఆ మధ్యాహ్నం ఒక మనిషి కిందికి దిగాడు. విమానం పొట్టలోంచి, వెల్లకిలా, కాళ్లు ముందుగా. మేమంతా క్రేను అని పిలుచుకునే లోడరు. కళ్లు తెరిచే ఉన్నాయి. "నా కాళ్లేవిరా?" అని అడిగాడు. ఆ కాళ్లను మేం పట్టుకునే ఉన్నాం.

కాంట్రాక్టరు గడియారం చూసుకున్నాడు. "అతన్ని పక్కన పడుకోబెట్టండి. బెల్టు ఖాళీ చెయ్యండి. ఇంకా సగం లోడుంది."

ఖాళీ చేశాం. ఆ సగం లోడూ ఏడుస్తూనే ఎక్కించాం.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మీ పెట్టె బరువెక్కువైందని కౌంటరు దగ్గర ఆపితే మీకు ఒళ్లు మండుతుంది. ఇంత పెద్ద విమానం నా నాలుగు జతల బట్టలకి కూలిపోతుందా అంటారు. కూలిపోదు. విమానం మొత్తం మీద ఎంత మోయాలో, ఆ బరువు ఎటు సర్దాలో, ఆ లెక్క వేరే ఉంది. ఒక్కో పెట్టెకి పెట్టిన హద్దు మాత్రం మా నడుముల కోసం. ఆ పొట్టలో నిటారుగా నిలబడే చోటుండదు. మోకాళ్ల మీద కూర్చుని, నడుం మెలితిప్పి పెట్టెను లోపలికి తోయాలి. కాళ్ల బలం అక్కరకు రాదు, భారమంతా వెన్ను మీదే. హద్దుకు దగ్గరపడ్డ పెట్టెకి ఎర్ర చీటీ కడతారు. ఎర్ర చీటీ ఉంటే ఇద్దరు ఎత్తాలి. మా దగ్గర ఆ రూలు ఎవరి దయవల్లా రాలేదు. మా ముందువాళ్లు పని ఆపి సాధించుకున్నారు.

మరి ఆ రెండో మనిషి ఏమయ్యాడు?

క్రేను ఒంట్లో ఏనుగంత బలం ఉండేది. ఎర్ర చీటీ పెట్టె వస్తే "జరగండ్రా, మీ వల్ల కాదు" అని ఒక్కడే ఎత్తేవాడు. మేం ఈలలేసేవాళ్లం. ఆ పేరు పెట్టిందీ మేమే. కాంట్రాక్టరు కూడా భుజం తట్టేవాడు. తట్టి తట్టి ఒకరోజు అందర్నీ వరసగా నిలబెట్టాడు.

"వాడొక్కడే ఎత్తుతుంటే మీకు జోడీ ఎందుకు? మీరు అన్నం తినట్లేదా?"

మర్నాటికి మాలో సగంమందికి పని లేదు. ఎర్ర చీటీలు మాత్రం వస్తూనే ఉన్నాయి.

అలాంటి పెట్టె ఒకటి ఒక్కడే తోస్తుంటేనే ఆ మధ్యాహ్నం క్రేను వెన్ను విరిగింది. అతను మంచం పట్టాక వాళ్ల ఇరుకు గదిలోనే మీటింగు పెట్టుకున్నాం. లోపల పట్టనివాళ్లు మెట్ల మీద కూర్చున్నారు.

"మనం పని ఆపితే బయట వేరేవాళ్లు లేరా?" అన్నాడు కొత్తగా చేరిన లోడరు.

"ఉన్నారు. వాళ్లు మనవాళ్లే. మొన్న తీసేసినవాళ్లే కదరా!" అన్నాడు బాబాయి. మా అందరికంటే పాత లోడరు ఆయన.

"పిల్లలు పస్తులుంటే నువ్వు పెడతావా బాబాయ్?"

గొడవ పెరిగింది. తలా ఒక మాట. అప్పుడు క్రేను భార్య, మా వదిన, గుడ్డా నీళ్లూ పట్టుకుని లేచింది.

"మీ మాటలు తర్వాత. ముందు ఈయన్ని పక్కకి తిప్పాలి, ఎవరైనా ఒక చెయ్యి వెయ్యండి. ఇది ఇద్దరి పని. రోజూ నేనొక్కదాన్నే చేస్తున్నా. చూడండి, వీపంతా ఎలా పుండ్లు పడిందో!"

చూశాం. ఆ తర్వాత పస్తుల మాట ఎవరూ ఎత్తలేదు.

క్రేను గోడవైపు చూస్తూ అన్నాడు. "నన్ను మెచ్చుకుంటూ మీ కడుపు కొట్టాడ్రా. నాకు తెలీలేదు. ఇంకెవడూ క్రేను కావద్దు."

ఆ రోజు నుంచే వంతులు వేసుకున్నాం. రోజూ ఇద్దరు వెళ్లి వదినకి సాయం పట్టాలని.

తెల్లారి మొదటి విమానానికే ఎర్ర చీటీ పెట్టె వచ్చింది. బెల్టు చివర దాకా ఎక్కి ఆగింది. ఎవరూ ముట్టుకోలేదు.

"ఎత్తండి!" కాంట్రాక్టరు అరిచాడు.

"రెండో మనిషిని పిలవండి. తీసేసినవాళ్లు గేటు బయటే ఉన్నారు," అన్నాడు బాబాయి.

"మీలో ఒక్క మొనగాడు లేడా?"

"ఉండేవాడు సార్. మంచంలో ఉన్నాడు."

పక్క విమానం బెల్టు ఆగింది. దాని పక్కదీ ఆగింది. పొట్టల్లోంచి మనుషులు పాకుతూ బయటికొచ్చి మా దగ్గర చేరారు. కాసేపటికి పోలీసులొచ్చారు. నాయకుడెవడని అడిగితే ఎవరూ పలకలేదు. తల నెరిసినవాడని బాబాయి రెక్క పట్టుకున్నారు. నేను రెండో రెక్క పట్టుకున్నాను. "ఒక్కణ్ని పంపం," అన్నాను. ఇద్దర్నీ వ్యానులోకి తోశారు. మా వెనకే కొత్త లోడరు తనంతట తనే వచ్చి ఎక్కాడు.

బాబాయి కిటికీ ఊచలకు మొహం ఆనించి కేకేశాడు.

"ఒరేయ్! ఇవాళ క్రేను దగ్గరికి వంతు నాదీ వీడిదీరా! వాడి భార్య ఎదురుచూస్తుంటుంది. ఎవరు వెళ్తారు?"

చేతులు లేచాయి. ఇటువైపువీ, గేటు అవతలివీ. వ్యాను కదిలి మలుపు తిరిగేదాకా ఒక్కటీ దిగలేదు.